మాత్ర వేశాం, ఫ్లీలు పోలేదేం?

కుక్కకి మాత్ర మింగించిన వారానికే బొచ్చులో మళ్లీ ఫ్లీలు గెంతుతుంటే, చాలామంది మొదట అనుమానించేది మందునే. నకిలీదంటారు, లేదా డాక్టరుకి తెలియదంటారు.

అపోహ: మందు పనిచేయలేదు.

వాస్తవం: చాలాసార్లు పనిచేస్తూనే ఉంటుంది. కుక్క ఒంటి మీద కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తంలో దాదాపు 5 శాతమే. మిగతావన్నీ గుడ్లు, లార్వాలు, ప్యూపాలు. అవి కుక్క పడుకునే గోనెపట్టాలో, సోఫా కింద, గచ్చు పగుళ్లలో ఉంటాయి. ఆడ ఫ్లీ రోజుకు 40–50 గుడ్లు పెట్టగలదు, అవి బొచ్చులోంచి జారి ఇల్లంతా రాలతాయి. ప్యూపా గూటిలోకి చల్లే మందులు కూడా సరిగా చొరవు. కొత్త ఫ్లీలు నెలల తరబడి అందులో నక్కి, అడుగుల అదురూ ఒంటి వేడీ తగలగానే బయటికొచ్చి కుక్క మీదికి దూకుతాయి. మీకు కనిపిస్తున్నవి అవే. ఫ్లీ కుట్టి రక్తం తాగాకే మందు దాన్ని చంపుతుంది, కుట్టకుండా ఆపదు. అఫాక్సోలానర్, ఫ్లూరలానర్ లాంటి మాత్రలైతే చాలావరకు ఒక రోజులోపే, అంటే గుడ్లు పెట్టకముందే చంపేస్తాయి. గూళ్లలోంచి కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి కనీసం మూడు నెలలు మందు ఆపకూడదు. పట్టాలు వేడినీళ్లలో ఉతకాలి, మూలలు ఊడ్చాలి. ఇంట్లో పిల్లి ఉంటే దానికీ మందు వేయాలి, అయితే కుక్క మాత్ర కాదు, పిల్లికి రాసిచ్చిందే.

అపోహ: స్నానం చేయిస్తే మందు పోతుంది.

వాస్తవం: మెడ మీద వేసే చుక్కల మందుకైతే ఆ భయం ఉంది. కడుపులోకి వెళ్లిన మాత్రకి లేదు.

అపోహ: చవకగా దొరికే ఐవర్‌మెక్టిన్ చాలు.

వాస్తవం: ఫ్లీల మీద దాన్ని నమ్ముకోలేం. పైగా కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఉండే జన్యులోపం వల్ల అది మెదడుకెక్కి ప్రాణం తీయొచ్చు. వెల్లుల్లి తినిపించే చిట్కా కూడా మానండి, అది కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

అపోహ: అఫాక్సోలానర్, ఫ్లూరలానర్ రకం మాత్రలతో ఫిట్స్ వస్తాయి, కాబట్టి వద్దే వద్దు.

వాస్తవం: ఈ భయం మాత్రం ఊరికే పుట్టలేదు. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మందులపై హెచ్చరిక ఇచ్చింది, నిషేధించలేదు. ఎక్కువ కుక్కలకి ఏమీ కాదు. మీ కుక్కకి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే మాత్రం ముందే డాక్టరుకి చెప్పండి, వేరే మందు రాస్తారు. కుక్కని తూచాకే మాత్ర కొనండి. ఫ్లూరలానర్ అయితే అన్నంతో పాటు పెట్టండి, పరగడుపున సరిగా ఒంటపట్టదు.