డోలు విన్న చెవికి మాట వినబడదా?

రాయపూర్ రాజకీయాలను గురించి వ్రాయవలసిన చోట బ్రెజిల్ దేశపు సంగీతాన్ని ప్రస్తావించడం పాఠకులకు వింతగా తోచవచ్చు. కాని కారణం లేకపోలేదు.

సెపుల్టూరా అనే బ్రెజిల్ బృందం 1996లో వెలువరించిన ‘రూట్స్’ ఆల్బమ్‌ను ఇటీవల శ్రద్ధగా విన్నాను. కర్ణకఠోరమైన మెటల్ సంగీతంలో అది పేరుపొందిన కృతి. 1991 నాటి ‘అరైజ్’లో ఈ బృందం బలమంతా వేగంలోనే ఉన్నది. ‘రూట్స్’లో వేగం తగ్గింది, బరువు పెరిగింది. గిటారు తంత్రులను వదులు చేసి శ్రుతిని బాగా మంద్రానికి దించారు. మాక్స్ కవలేరా ఆరు తంత్రుల గిటారుకు నాలుగే ఉంచుకొని, దానిని కూడా తాళవాద్యంగానే వాయించాడు. అతని గాత్రం పాట కాదు, గర్జన. మిగిలిన చోటును తమ్ముడు ఇగోర్ డ్రమ్ములు, బహియా విద్వాంసుడు కార్లిన్యోస్ బ్రౌన్ తాళవాద్యాలు నింపాయి. ఒక పాట ఒంటి తీగ బెరింబావు మోతతోనే మొదలవుతుంది.

ఇంత హోరు మధ్య ‘ఇట్సారి’ అనే భాగం రాగానే ఆ గర్జన ఆగిపోతుంది. షావాంతే ఆదివాసుల సామూహిక గానం వినవస్తుంది. దీనికోసం బృందం వారిని స్టూడియోకు రప్పించలేదు. మాతో గ్రోసో రాష్ట్రంలోని వారి గూడేనికే వెళ్లి రికార్డు చేసుకున్నది. వారి భాషలో ఆ మాటకు ‘వేళ్లు’ అని అర్థం. ఆ గానాన్ని డ్రమ్ముల కింద అణచలేదు. తాము వెనుకకు జరిగి దానికి చోటిచ్చారు. వినడం కూడా విద్వత్తులో భాగమే.

ఈ షావాంతేలలో పుట్టిన మారియో జురూనా 1982లో బ్రెజిల్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి ఆదివాసి. అధికారుల వాగ్దానాలు గాలిలో కలిసిపోకుండా ఆయన టేప్ రికార్డరు వెంట ఉంచుకొనేవారు.

ఇక రాయపూర్ సంగతి. 2019 డిసెంబరులో అక్కడ జాతీయ ఆదివాసీ నృత్యోత్సవం జరిగినప్పుడు రాహుల్ గాంధీ ఆదివాసుల తలపాగా ధరించి వారితో నర్తించారు. మన కొమ్ముకోయలను ఎరిగిన తెలుగువారికి అటువంటి దృశ్యాలు కొత్త కావు. 2021 అక్టోబరు 4న హస్‌దేవ్ అటవీ గ్రామాల నుంచి సుమారు 350 మంది ఆదివాసులు బయలుదేరి, 300 కిలోమీటర్లు నడిచి, 13న అదే నగరం చేరారు. బొగ్గు గనులు వద్దనీ, గ్రామసభల సమ్మతి పత్రాలు కల్పితమనీ గవర్నరుకు, ముఖ్యమంత్రికి విన్నవించుకున్నారు. వారం తిరిగేసరికి, 21న, ఢిల్లీ పర్సా గనికి రెండో దశ అటవీ అనుమతి ఇచ్చింది. 28న రాయపూర్‌లో నృత్యోత్సవం మరల ఆరంభమైంది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రం తుది అనుమతి ఇచ్చింది. నాడు ఢిల్లీలో ఒక పార్టీ, రాయపూర్‌లో వేరొక పార్టీ. తాళం మాత్రం కలిసింది.

‘రూట్స్’ అట్ట మీది ముఖం ఒకప్పటి బ్రెజిల్ వెయ్యి క్రుజైరోల నోటుపై అచ్చయిన ఆదివాసిది. నోటు మీద ముఖానికి, వేదిక మీద డోలుకు చోటివ్వడం ఏ ప్రభుత్వానికైనా సులభమే. గ్రామసభ ‘వద్దు’ అన్నప్పుడు ఆ మాట వినడానికి మాత్రం అధికారం తన హోరును కాసేపు ఆపుకోవలసి ఉంటుంది. చెవులు చిల్లులు పడేట్టు వాయించే ఒక బృందమే ఆ పని చేయగలిగింది.