అక్షరం రాని పెద్దలు – జ్ఞాపకశక్తి పరీక్షలు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పార్కుల్లో సాయంత్రంపూట తెలుగు బాగానే వినిపిస్తుంది. పిల్లల ఉద్యోగాల వెంట వచ్చిన పెద్దలు వారు. అమ్మకు మతిమరుపు ముదురుతోందని అనుమానం వస్తే పిల్లలు పరీక్ష చేయిస్తారు. అక్కడ వందలోంచి ఏడేసి తీసివేయమంటారు, ఒక వాక్యం రాయమంటారు. పెన్సిలు పట్టని చేతికి మార్కులెక్కడివి? తప్పు జబ్బుదో, చదువు లేకపోవడానిదో తేలదు.

పరిశోధకులకూ ఇదే చిక్కు. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసినవారు ఆ పరీక్షనే మార్చుకున్నారు. తీసివేతలకు బదులు వారాల పేర్లు వెనకనుంచి చెప్పించారు. వాక్యం రాయించకుండా, మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు.

బడికి వెళ్లినా అక్షరాలు పట్టుబడనివారి సంగతి మరీ కష్టం. ఆనాడు వారిని మొద్దులన్నారు. ఆ మాట ఇప్పటికీ కొందరికి ముల్లే. మన దేశంలో చట్టం ఈ ఇబ్బందిని వైకల్యాల జాబితాలో చేర్చింది 2016లో. కనుక ఆ వయసువారి దగ్గర ఏ కాగితమూ ఉండదు. డాక్టరుగారికి మీరే ముందుగా చెప్పాలి: ఎంతవరకు చదివారు, ఇంట్లో ఏ భాష, చిన్ననాటినుంచీ చదవడం కష్టమేనా, అయిదేళ్ల కిందట పాల లెక్క నోటితో చెప్పిన మనిషి ఇప్పుడు తడబడుతున్నారా అని.