మౌస్ పక్కన పెట్టి స్టాక్ రిజిస్టర్: చూపు తగ్గిన మనిషికి కావలసిన కీలు

ఈ వారం ఆడియోలో చెప్పిన కీలన్నీ ఒకచోట రాసి పెట్టమని అడిగారు. నిజమే, డ్యూటీ దిగి క్యాంపు బస్సులో వింటూ రాసుకోవడం కుదిరే పని కాదు. అందుకే రాస్తున్నా. ముందే చెప్తున్నా, నేను కంప్యూటర్ మనిషిని కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివాను. గల్ఫ్‌లో పన్నెండేళ్లు తిరిగి, ఇప్పుడు యాంగోన్ నది అవతల ట్వంటేలో గోడౌన్ల పని చూస్తున్నాను. ఇక్కడున్నదంతా మా స్టోర్ రూమ్‌లో ఇద్దరం తప్పులు చేసి నేర్చుకున్నది.

ఇద్దరం అంటే నేనూ, మా స్టోర్ కీపరూ. టెక్కలి వైపు మనిషి, నాకంటే ఆరేళ్లు చిన్న. నన్ను అన్నయ్యా అంటాడు. పోయినేడాది వానాకాలం నుంచీ గుమ్మం దగ్గర కట్టి పెట్టిన రింగుల కట్టలు తన్నుకుని పడుతూ ఉండేవాడు. "ఏరా తమ్ముడూ, రాత్రి ఎక్కువైందా" అని మేం ఎగతాళి చేసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. యాంగోన్‌లో పరీక్ష చేయిస్తే గ్లకోమా అన్నారు, మన ఊళ్లలో నీటికాసులు అంటారు. రెండు కళ్లకీ ఉంది. ఈ జబ్బులో చాలామందికి ముందు పక్కచూపు పోతుంది. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే చుక్కల మందు. నలభై దాటినవాళ్లు, ఇంట్లో అమ్మకో నాన్నకో ఈ జబ్బు ఉన్నవాళ్లు సెలవుకి ఊరెళ్లినప్పుడు కంటి ప్రెషర్ ఒక్కసారి చూపించుకోండి. ఈ పేజీలో ఇంకేదీ చదవకపోయినా ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి.

మేనేజర్ మనిషి చెడ్డవాడు కాదు. అయినా, "తెర కనబడనివాడు స్టాక్ లెక్క ఎలా రాస్తాడయ్యా? నెలాఖరు టాలీ దాకా చూద్దాం, తర్వాత టికెట్ తీసేద్దాం" అన్నాడు. మావాడికి ఊళ్లో అప్పుంది, కూతురు నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. మా చేతిలో 24 రోజులున్నాయి.

మా టైమ్ కీపర్ బర్మా అతను. ఈ సంగతి విని ఒక కథ చెప్పాడు. యాంగోన్‌లో చీమిన్‌డైన్ అనే పేట ఉంది. 1917లో ఇంగ్లండ్ నుంచి ఫాదర్ జాక్సన్ అనే పాదిరి అక్కడి అంధుల బడికి వచ్చాడట. ఆయనకీ చూపు లేదు. బర్మా భాషకి బ్రెయిలీ లిపి తయారు చేసింది ఆయనే. నేను మేనేజర్‌తో మన బొల్లా శ్రీకాంత్ గురించి చెప్పాను. మచిలీపట్నం దగ్గర సీతారామపురం అబ్బాయి, చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ సీటు ఇవ్వమంటే కోర్టుకెళ్లి తెచ్చుకున్నాడు, ఆపైన అమెరికాలో ఎంఐటీలో చదివాడు. "సినిమా చూశాలే" అన్నాడు మేనేజర్. అంతటితో ఆ మాట అయిపోయింది. కథలు చెబితే ఉద్యోగం నిలబడదు, షీటు నింపి చూపించాలి.

మేం వాడింది ఎన్‌వీడీఏ. విండోస్ కంప్యూటర్‌లో తెర మీద ఉన్నది మాటగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇది. ఇలాంటి వాటిని స్క్రీన్ రీడర్ అంటారు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు 2006లో మొదలుపెట్టాడు, జేమ్స్ టే అనే ఇంకో చూపులేని మిత్రుడు కలిశాడు. ఉచితం. జాస్ అని ఇంకోటి ఉంది, పాతది, మంచిదే, కానీ మన జీతాలకి ఖరీదు ఎక్కువ. విండోస్‌తోపాటే వచ్చే నరేటర్ కూడా ఉంది. కంట్రోల్, విండోస్ కీ, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే మాట్లాడుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కొత్త మనిషికి రుచి చూపించడానికి అది చాలు. మాకు ఎన్‌వీడీఏ నచ్చడానికి రెండు కారణాలు. ఒకటి, పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని ఏ కంప్యూటర్‌లోనైనా నడపొచ్చు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. రెండోది, ఇంటర్నెట్ లేకపోయినా పని చేస్తుంది. ట్వంటేలో కరెంటూ నెట్టూ ఎప్పుడుంటాయో ఎప్పుడు పోతాయో తెలిసినవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు.

అది ఎలా చదువుతుందో కొంచెం అర్థం చేసుకుంటే మిగతాది తేలిక. తెరని ఫోటో తీసి చదవదు. ప్రతి బటన్‌కీ, ప్రతి గడికీ లోపల ఒక పేరు, ఒక రకం, ఒక స్థితి ఉంటాయి. "సేవ్, బటన్" అనో, "చెక్ బాక్స్, టిక్ ఉంది" అనో విండోస్ చెబుతుంది, స్క్రీన్ రీడర్ దాన్ని మాటగా పలుకుతుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాడు పేరు పెట్టడం మరిచిపోతే ఉత్త "బటన్" అంటుంది. మౌస్ బాణం ఎక్కడుందో చూడలేని మనిషికి మౌస్ ఎందుకూ పనికిరాదు. అందుకే ప్రతి పనికీ కీ కావాలి.

మొదటి రోజు మౌస్ తీసి డ్రాయర్‌లో పడేశాం. నేను కూడా తెర వెలుతురు పూర్తిగా తగ్గించి కూర్చున్నాను, లేకపోతే నా కళ్లు మోసం చేస్తాయి.

ఎన్‌వీడీఏకి ఒక సొంత కీ ఉంటుంది, మామూలుగా ఇన్సర్ట్. ల్యాప్‌టాప్‌లో ఇన్సర్ట్ ఎక్కడో మూల ఉంటుంది కాబట్టి క్యాప్స్ లాక్‌ని ఆ పనికి పెట్టుకోవచ్చు, మొదటిసారి తెరిచినప్పుడు అదే అడుగుతుంది. ఆ కీతో కలిపి నొక్కేవి ఇవి: ఇన్సర్ట్, ఎన్ అంటే దాని మెనూ. ఇన్సర్ట్, టి అంటే ఏ కిటికీలో ఉన్నామో చెబుతుంది. ఇన్సర్ట్, ట్యాబ్ అంటే సరిగ్గా ఎక్కడ నిలబడ్డామో చెబుతుంది. ఇన్సర్ట్, ఎఫ్12 టైమ్. ఇన్సర్ట్, షిఫ్ట్, బి నొక్కితే బ్యాటరీ ఎంత మిగిలిందో చెబుతుంది, కరెంటు పోయినప్పుడు మా ఇద్దరికీ ఇదే దేవుడు. ఇన్సర్ట్, 1 నొక్కితే కీబోర్డు పాఠం మొదలవుతుంది. అప్పుడు ఏ కీ నొక్కినా పని చేయదు, పేరు మాత్రం చెబుతుంది. మళ్లీ అదే నొక్కితే బయటికొస్తాం. మావాడు రెండు రాత్రులు క్యాంపులో ఆ పాఠంతోనే గడిపాడు.

అన్నిటికంటే ముందు నేర్పాల్సిన కీ మాత్రం కంట్రోల్. ఒక్క కంట్రోల్ నొక్కితే గొంతు ఆగిపోతుంది. నేను అది చెప్పకుండా పెద్ద షీటు తెరిచాను. అది గడగడా వాగుతుంటే మావాడు చెమటలు పట్టి, "అన్నయ్యా, దీన్ని ఆపు, నన్ను ఊరు పంపించేయ్" అన్నాడు. కొత్తవాళ్లకి వేగం కూడా తగ్గించి పెట్టాలి. ఇన్సర్ట్, కంట్రోల్, వి నొక్కితే గొంతు సెట్టింగులు వస్తాయి, అక్కడ వేగం సగానికి దించండి. మూడు వారాల తర్వాత అతనే పెంచుకున్నాడు. ఇప్పుడు అతని వేగంలో నాకు ఒక్క ముక్క అర్థం కాదు.

విండోస్ కీలు మీకు కొన్ని తెలిసే ఉంటాయి. ఆల్ట్, ట్యాబ్‌తో ఒక కిటికీ నుంచి ఇంకో దానికి, ఆల్ట్, ఎఫ్4 మూయడానికి, విండోస్, డి డెస్క్‌టాప్‌కి, ఒక్క ఆల్ట్ నొక్కితే పై మెనూకి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఎస్కేప్.

ఇక అసలు పని, ఎక్సెల్. బాణం కీలతో ఒక్కో గడికీ వెళ్తుంటే చదువుతుంది. కంట్రోల్, హోమ్ మొదటి గడికి. కంట్రోల్, కింది బాణం ఆ వరసలో నిండిన చివరి గడికి. కంట్రోల్, పేజ్ డౌన్ పక్క షీటుకి. కంట్రోల్, సెమీకోలన్ నొక్కితే ఈవేళ తేదీ తనే పడుతుంది. ఆల్ట్, ఈక్వల్ నొక్కితే మొత్తం కూడుతుంది.

కీలు వచ్చాయి గానీ షీటు మాత్రం పనికిరాలేదు. ఆ షీటు తయారు చేసింది నేనే. పైన కంపెనీ పేరు కోసం నాలుగు గడులు కలిపేశాను, అందానికి మధ్యలో ఖాళీ వరసలు వదిలాను, తక్కువైన సరుకుని ఎర్ర రంగు కొట్టి చూపించాను. రంగు పేరు చెప్పమని సెట్ చేసుకోవచ్చు, కానీ చెవికి "ఎరుపు" అని వినబడితే ఏం తెలుస్తుంది? ఖాళీ వరస రాగానే కంట్రోల్, కింది బాణం అక్కడే ఆగిపోతుంది. "ఇంతేనా సరుకు" అనుకున్నాడు పాపం. ఆదివారం కూర్చుని షీటంతా మళ్లీ కట్టాను. కలిపిన గడులు విడదీశాను, ఖాళీ వరసలు తీసేశాను, స్థితి అని ఒక కాలమ్ పెట్టి "తక్కువ", "సరిపోయింది" అని మాటల్లో రాశాను. తర్వాత శీర్షికల వరసలో మొదటి గడి మీద నిలబడి ఇన్సర్ట్, షిఫ్ట్, సి నొక్కాం. అప్పటినుంచి పక్కకి జరిగినప్పుడల్లా ఏ కాలమో ముందు చెప్పి తర్వాత అంకె చెబుతోంది. "16 ఎంఎం రాడ్లు, వచ్చినవి, 60" అని వినబడితే ఇంక తప్పు పోయే అవకాశం తక్కువ.

తక్కువే గానీ లేకపోలేదు. ఇంగ్లీషు గొంతులో సిక్స్‌టీన్, సిక్స్‌టీ ఒకేలా వినబడతాయి. అనుమానం వస్తే ఎఫ్2 నొక్కి ఎడమ బాణంతో ఒక్కో అంకె వినాలి, తర్వాత ఎస్కేప్ కొట్టాలి. ఎంటర్ కొడితే చెయ్యి తగిలి అంకె మారిపోయినా తెలియదు.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఎన్‌వీడీఏతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతులో తెలుగు ఉంది. యంత్రం మాట్లాడినట్టే ఉంటుంది, నాలుగు రోజులకి అలవాటవుతుంది. కానీ మావాడికి ఊరి నుంచి వచ్చిన ఒక కాగితం ఫైలు తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు చదివింది. అది పాత అను ఫాంట్‌తో డీటీపీలో కొట్టింది. కంటికి తెలుగులా కనబడుతుంది, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. గొంతు లోపలున్నదే చదువుతుంది. యూనికోడ్‌లో కొట్టిందైతేనే తెలుగుగా పలుకుతుంది. మా టైమ్ కీపర్‌కి ఈ సంగతి చెబితే నవ్వాడు. బర్మా భాషకీ జోజీ అని ఇలాంటి పాత ఫాంటే ఉండేది, 2019 అక్టోబరు 1 నుంచి దేశమంతా యూనికోడ్‌కి మారాలని నిర్ణయించారు. వాళ్ల లిపీ మన లిపీ రెండూ గుండ్రటివే, రెండింటి కష్టమూ ఒకటే. మీరు ఎవరికైనా ఫైలు పంపేటప్పుడు యూనికోడ్‌లో పంపండి. కాగితానికి ఫోటో తీసి వాట్సాప్‌లో పడేయకండి, రెండు ముక్కలు టైపు చేయండి.

వెబ్ పేజీలో ఒక్క అక్షరంతో గెంతొచ్చు. హెచ్ అంటే తర్వాతి శీర్షిక, కె అంటే లింకు, బి అంటే బటన్, ఇ అంటే రాసే గడి, టి అంటే పట్టిక. ఇన్సర్ట్, ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులూ శీర్షికలూ జాబితాగా వస్తాయి. గడిలో పేరు రాయబోతే హెచ్ పడకుండా ఎక్కడికో గెంతుతోందంటే ఇన్సర్ట్, స్పేస్ నొక్కండి, రాసే పద్ధతికి మారుతుంది. బొమ్మలో అక్షరాలు గుర్తుపట్టమనే పరీక్ష వస్తే మాత్రం పక్కన ఒక మనిషి కావాలి. ఆ మనిషికి కూడా పాస్‌వర్డ్ చెప్పకండి.

ఫోన్ గురించి క్లుప్తంగా. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఉంటుంది, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. అవి ఆన్ చేస్తే ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఇది తెలియక ఫోన్ పాడైందని షాపుకి పరిగెత్తినవాళ్లు మా క్యాంపులోనే ఇద్దరున్నారు.

కుదరనివీ ఉన్నాయి. అచ్చు ఇంగ్లీషు చలానా స్కాన్ అయితే ఇన్సర్ట్, ఆర్ నొక్కితే కొంతవరకు చదువుతుంది. ఇక్కడి ఇసుక, కంకర చలానాలు చేత్తో బర్మా అంకెల్లో రాసి ఇస్తారు, వాటిని టైమ్ కీపర్ చదివి చెప్పాల్సిందే. డ్రాయింగులు చదవలేదు. యార్డులో రాడ్లు లెక్కపెట్టే పని అతనికి ఇవ్వడం నాకే ఇష్టం లేదు. కట్టల మధ్య, క్రేన్ కింద, పక్కచూపు లేని మనిషిని ఏ సూపర్‌వైజరూ తిప్పకూడదు.

టాలీ రోజు 16 ఎంఎం రాడ్లు 60 తక్కువ వచ్చాయి. 12 మీటర్ల రాడ్లు, డి స్క్వేర్ బై 162 లెక్కన సుమారు 1,138 కిలోలు. మేనేజర్ నా వైపు చూశాడు, నేను మావాడి వైపు చూశాను. అతను ఏమీ మాట్లాడలేదు. కంట్రోల్, హోమ్ కొట్టి, చలానా నంబర్ల కాలమ్‌లోకి వెళ్లి, బాణం నొక్కుకుంటూ ఒక్కో నంబరూ వింటూ కిందికి దిగాడు. పదిహేను నిమిషాలు పట్టింది. ఒకచోట ఆగి, "అన్నయ్యా, ఈ నంబరు రెండుసార్లు పడింది" అన్నాడు. ఒకే లోడు రెండు వరసల్లో ఎక్కింది. ఆ తేదీన అతను యాంగోన్‌లో కంటి డాక్టరు దగ్గరున్నాడు. ఎంట్రీ వేసింది నేను.

మేనేజర్ ఆరు నెలలు పొడిగించాడు. యార్డు లెక్క వేరే మనిషి చేయాలి, షీటు మావాడు చూడాలి, అది షరతు. ఇప్పుడు కొత్త తలనొప్పి గేట్ పాస్ సాఫ్ట్‌వేర్. అందులో పదకొండు బటన్లున్నాయి, ఒక్కదానికీ లోపల పేరు లేదు. ట్యాబ్ నొక్కినప్పుడల్లా "బటన్, బటన్" అంటోంది. ఏ బటన్ ఏం చేస్తుందో వరసగా రాసి, పేర్లు పెట్టమని తయారు చేసినవాళ్లకి పోయిన గురువారం మెయిల్ పంపాం. మెయిల్ టైపు చేసింది మావాడే. జవాబు ఇంకా రాలేదు, వస్తే వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.