చక్రవర్తి ముఖం మీద గాటు ఎందుకు?

కృష్ణా ముఖద్వారం వైపున్న ఘంటసాల 2వ శతాబ్దంలోనే గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాతల్లోకెక్కింది. ఈ తీరపు సన్నని నూలు బట్టలు సముద్రం దాటేవి, బదులుగా రోము బంగారం వచ్చేది. వినుకొండలో దొరికిన నాణేల మూటలో టైబీరియస్ నుంచి కారకల్లా వరకు, దాదాపు 200 ఏళ్ల చక్రవర్తుల ముఖాలున్నాయి! రోములో ఆ ముఖానికి పెద్ద పనే ఉండేది. పత్రికలు లేని రోజుల్లో, పాలిస్తున్నదెవరో దూరాన ఉన్న సైనికుడికి చెప్పేది నాణెమే. తలమీది ఆకుల దండ విజయానికి గుర్తు, చుట్టూ ఉన్న అక్షరాలు బిరుదులు.

మన వర్తకులు మాత్రం ముఖాన్ని కాదు, బంగారాన్నే చూశారని నా వాదన. భారతదేశంలో దొరికిన ఈ నాణేల్లో చాలావాటిపై చక్రవర్తి తలను చీలుస్తూ లోతైన గాటు ఉంటుంది. లోపల వేరే లోహం ఉందేమోనని పరీక్షించారనవచ్చు. దానికి అంచున చిన్న గీత చాలదా? పరాయి రాజు మీద కోపమా? కోపమే అయితే కరిగించేసేవారు, భద్రంగా దాచేవారు కాదు. ఇకమీదట ఇది రోము డబ్బు కాదు, తూకానికి చెల్లే బంగారం అని చెప్పడానికే ఆ గాటు పెట్టారనడం నాకు సబబుగా తోస్తుంది. ముఖముద్ర విలువ మనవాళ్లకు తెలియదా అంటే, బాగా తెలుసు: శాతవాహనులు తమ వెండి నాణేలపై తమ రాజుల ముఖాలనే ముద్రించుకున్నారు.