ఇంజెక్షన్ వేయడానికి నాలుగేళ్ల చదువా?

ఆదివారం డ్యూటీ లేకపోతే పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడవడం నాకు అలవాటు. తార్నాక వైపు నుంచి లోపలికి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి, మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తాను. ఈమధ్య ఆ దారిలో మా వీధిలో ఉండే ఒకాయన కలిశారు. వాళ్లమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ‘‘బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానంటోంది డాక్టర్ గారూ. నాకేమో మనసొప్పడం లేదు. ఇంజెక్షన్ వేయడానికి, బీపీ చూడడానికి నాలుగేళ్లు చదవాలా? అసలేం నేర్పుతారండీ అక్కడ?’’ అన్నారు.

అడిగిన తీరులో కాస్త చిన్నచూపు ఉంది. ప్రశ్న మాత్రం మంచిదే. మన ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే, రోజు మొత్తంలో డాక్టరు ఆ మంచం దగ్గర నిలబడేది కొన్ని నిమిషాలు. మిగతా పగలు, రాత్రంతా రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సే. ఆమెకు ఏం నేర్పారు, ఏం నేర్పలేదు అన్నది ఆమె ఉద్యోగానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, మీ నాన్నగారి ప్రాణానికి సంబంధించింది కూడా.

కాగితం మీద చూస్తే మన దగ్గర ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీ సిలబస్‌ను 2021లో సెమిస్టర్ పద్ధతిలోకి మార్చారు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం తెచ్చారు. మంచిదే. అయితే సిలబస్‌లో ఉన్నదంతా వార్డులోకి రాదు. వార్డులో అత్యవసరమైనవి కొన్ని సిలబస్‌లో ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు.

ఒక నిమిషం లెక్క

పీజీ చదివే రోజుల్లో జరిగింది ఇది. రాత్రి రెండు దాటింది. నర్సింగ్ విద్యార్థిని ఒకమ్మాయి డ్యూటీ రూమ్ తలుపు దగ్గరికి వచ్చి, ‘‘మేడమ్, పదమూడో బెడ్ తాతకు దమ్మొస్తోంది. ఊపిరి నిమిషానికి 32 లెక్కపెట్టాను’’ అంది. కేస్ షీట్ చూశాను. బీపీ బాగానే ఉంది. జ్వరం కొద్దిగా. సాయంత్రం నుంచి ప్రతి గంటకూ ఊపిరి లెక్క దగ్గర 20, 20, 20 అని రాసి ఉంది. ‘‘అంతా నార్మలే కదా, వెళ్లు’’ అన్నాను. ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

తెల్లవారేసరికి తాత బీపీ పడిపోయింది. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. రెండు రోజుల తర్వాత చనిపోయారు. రాత్రి రెండింటికే లేచి వెళ్లి ఉంటే బతికేవారని కచ్చితంగా చెప్పలేను. వెళ్లలేదన్నది మాత్రం మర్చిపోలేను.

ఆ 20లు ఎక్కడివి? పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. పుస్తకంలో ఉన్న ఆ అంకెనే లెక్కపెట్టకుండా కేస్ షీట్‌లో వేసేయడం మా ఆసుపత్రుల్లో పాత జబ్బు. బీపీకి, జ్వరానికి, పల్స్‌కి యంత్రాలున్నాయి. ఊపిరిని మాత్రం చాలా వార్డుల్లో ఇప్పటికీ వాచీ పట్టుకుని, రోగి ఛాతీని చూస్తూ, నిమిషంపాటు లెక్కపెట్టాల్సిందే. అందుకే అందరూ దాటేసేది దాన్నే. ఒంట్లో పెద్ద ప్రమాదం మొదలైనప్పుడు చాలాసార్లు బీపీ కంటే ముందు మారేదీ అదే. బ్రిటన్‌లో 2012 నుంచి రోగి పరిస్థితికి మార్కులు వేసే పద్ధతి ఒకటి అమల్లో ఉంది. అందులో ఊపిరి నిమిషానికి 25 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, ఆ ఒక్క అంశానికి ఉన్న మార్కులన్నీ పడిపోతాయి. వెంటనే డాక్టరును పిలవాలి.

పదమూడో బెడ్ దగ్గర ఆ అమ్మాయి నిజంగా లెక్కపెట్టింది. అంతవరకు ఎవరో బాగా నేర్పారు. డాక్టరు ‘వెళ్లు’ అంటే ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం నేర్పలేదు. నర్సు చెప్పేది వినాలని మాకూ ఎవరూ నేర్పలేదనుకోండి.

దీనికీ పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన విధానం నుంచి ఆసుపత్రులు తెచ్చుకున్నాయి. ఎస్‌బార్ అంటారు. నాలుగు ముక్కల్లో చెప్పాలి: ఇప్పుడేం జరుగుతోంది, రోగి ఎందుకు చేరాడు, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ‘‘తాతకు దమ్మొస్తోంది’’ అని ఆగిపోకుండా, ‘‘న్యుమోనియాతో చేరిన తాత మేడమ్, సాయంత్రం కంటే ఊపిరి వేగం పెరిగింది, పరిస్థితి దిగజారుతోందని అనుమానం, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి’’ అనడం. అప్పటికీ డాక్టరు కదలకపోతే పై డాక్టరుకు ఫోన్ చేసే హక్కు ఆమెకు ఉండాలి. దాన్ని తరగతిలో చెబితే చాలదు, పదిసార్లు నటింపజేసి అలవాటు చేయాలి. డాక్టరు రాగానే లేచి నిలబడడం మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తుంది. అది నేర్పకపోయినా నష్టం లేదు.

రెండున్నర రెట్ల తప్పు

రెండోది లెక్కలు. ఇన్సులిన్ సంగతే చూడండి. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లది. 100 యూనిట్లది కూడా దొరుకుతుంది. సిరంజీలూ రెండు రకాలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 40 సిరంజితో 100 రకం ఇన్సులిన్‌ను 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఈ వాక్యం చదివాక లేచి వెళ్లి ఫ్రిజ్‌లో సీసా, డబ్బాలో సిరంజి ఒకసారి సరిచూసుకోండి. పరవాలేదు, మిగతాది తర్వాత చదవొచ్చు.

ఇలాంటి లెక్కలను నర్సు పరీక్షలో రాసి పాసైతే సరిపోదు. అర్ధరాత్రి, ఎదురుగా ముప్పై మంచాలు, ఇంకో పక్క ఎవరో పిలుస్తుండగా తప్పు లేకుండా చేయగలగాలి. సాధన అక్కడి కోసం జరగాలి.

మూడోది భాష. నర్సింగ్ పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. వార్డులో పెద్దమ్మ మాత్రం ‘గుండెల్లో గాబరాగా ఉంది’ అంటుంది. ఒకరు ‘సలుపు’ అంటారు, ఇంకొకరు ‘పోటు’, మరొకరు ‘తిమ్మిరి’. అన్నీ ‘పెయిన్’ అనే ఒక్క మాటగా కేస్ షీట్‌లోకి ఎక్కుతాయి. విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులకు మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పిస్తోంది, సంతోషం. హైదరాబాద్‌లో పనిచేసే నర్సుకు, ఆమె కేరళ నుంచి వచ్చినా కరీంనగర్ నుంచి వచ్చినా, రోగి తెలుగు, రోగి ఉర్దూ కూడా అంత శ్రద్ధగా నేర్పాలని నా కోరిక. ‘‘ఉప్పు తగ్గించండమ్మా’’ అని చెప్పి పంపేస్తే ఇంటికెళ్లి కూరలో చిటికెడు తగ్గిస్తారు. ‘‘రోజూ ఆవకాయ వేసుకుంటారా?’’ అని అడిగే నర్సు గుండె జబ్బు మనిషిని మళ్లీ ఆసుపత్రికి రాకుండా ఆపగలదు. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దని చెప్పే జాతీయ పోషకాహార సంస్థ ఈ తార్నాకలోనే ఉంది. ఆ మాట ఇక్కడి వంటింటి దాకా వెళ్లాలంటే దారి నర్సే.

పుస్తకంలో ఉండకూడని పేజీ

ఇక ఏం నేర్పకూడదు? 2022 ఏప్రిల్‌లో నర్సుల కోసం రాసిన ఒక సోషియాలజీ పాఠ్యపుస్తకంలోని పేజీ ఫొటో దేశమంతా తిరిగింది. వరకట్నం వల్ల ప్రయోజనాలు అని అందులో ఒక పట్టిక. కొత్త కాపురానికి సామాన్లు సమకూరుతాయట. ఆడపిల్లకు పుట్టింటి ఆస్తిలో వాటా అందుతుందట. కట్నం భారం తగ్గుతుందని ఆడపిల్లల్ని చదివిస్తున్నారట. అందంగా లేని అమ్మాయిలకూ కట్నంతో పెళ్లవుతుందట. కౌన్సిల్ సిలబస్ ప్రకారం రాసినదని అట్ట మీద ఉంది. గొడవయ్యాక నర్సింగ్ కౌన్సిల్ ఆ రాతలను ఖండించింది. తాము సిలబస్ మాత్రమే ఇస్తామని, ఏ రచయితనూ ఏ పుస్తకాన్నీ సిఫారసు చేయమని చెప్పింది. 1961 నుంచి కట్నం ఈ దేశంలో నేరం.

ఒక చెత్త పేజీ, తీసేశారు, అయిపోయింది అనుకోవచ్చు. నేను అలా అనుకోలేకపోతున్నాను. కాలిన గాయాలతో వచ్చే ఆడవాళ్లను చూశాను. ‘స్టవ్ అంటుకుంది’ అంటారు. పక్కనే భర్తో, అత్తగారో ఉంటారు. అనుభవమున్న నర్సు ఏం చేస్తుందో తెలుసా? మందులు తెమ్మని చీటీ ఇచ్చి భర్తను కిందికి పంపుతుంది. కర్టెన్ లాగి, డ్రెస్సింగ్ చేస్తూ, ‘‘ఇప్పుడు ఎవరూ లేరమ్మా, ఏం జరిగింది?’’ అని మెల్లగా అడుగుతుంది. మాకు చెప్పని నిజం ఆమెకు చెబుతారు. అలా అడగడం నేర్పాలి. విన్నది డ్యూటీ డాక్టరుకు ఎలా చెప్పాలో, పోలీసులకు ఎప్పుడు కబురు పెట్టాలో, 181 నంబరు, సఖి కేంద్రం ఎందుకున్నాయో నేర్పాలి. కట్నంతో లాభాలున్నాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ఆ కర్టెన్ వెనక నిలబడి ఏం అడుగుతుంది?

చేతుల్లో శక్తి

నేర్పకూడనివి ఎప్పుడూ ఇంత వికారంగా కనబడవు. కొన్ని ఎంతో మృదువుగా వస్తాయి. 1970ల్లో న్యూయార్క్‌లో డొలోరెస్ క్రీగర్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ ‘థెరప్యూటిక్ టచ్’ పేరుతో ఒక పద్ధతి తెచ్చారు. పేరులో స్పర్శ ఉన్నా తాకేది లేదు. రోగి ఒంటికి కొద్ది దూరంలో చేతులు కదుపుతూ, శరీరం చుట్టూ ఉన్న శక్తిని సరిచేస్తారట. ఎన్నో నర్సింగ్ పాఠశాలలు దీన్ని నేర్పాయి. చివరకు పరీక్షించింది ఎమిలీ రోసా అనే తొమ్మిదేళ్ల పాప, స్కూలు సైన్స్ ప్రాజెక్టుగా. అడ్డంగా ఒక అట్ట పెట్టి, అవతల కూర్చున్నవాళ్ల రెండు చేతుల్లో ఒకదాని మీద తన చేయి చాచి, ఏ చేతి దగ్గర ఉందో చెప్పమంది. 21 మంది నిపుణులు, 280 ప్రయత్నాలు. 123 సరైనవి, అంటే నూటికి 44. కళ్లు మూసుకుని నాణెం ఎగరేసినా సగం వస్తాయి కదా. 1998లో ఈ ఫలితాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ప్రచురించింది.

రోగి నుదుటి మీద చేయి వేయడం, చేయి పట్టుకుని పక్కన కూర్చోవడం వేరు. దానికి శక్తి సిద్ధాంతం అక్కర్లేదు, ధైర్యం వస్తుంది, అంతే. రేకీ అయినా ఇంకోటైనా, ఇంట్లో ఎవరి నమ్మకం వారిది. నర్సు చదువులో చోటు కావాలంటే మాత్రం ఎమిలీ అట్ట దాటి రావాలి.

ఫీజు కట్టే ముందు

మా వీధి ఆయన ఇదంతా ఓపిగ్గా విని, ‘‘మరి ఏ కాలేజీలో చేర్పించమంటారు?’’ అన్నారు. పేర్లు చెప్పలేదు. ఈ తార్నాకలోనే ఆర్టీసీ ఆసుపత్రికి నర్సింగ్ కాలేజీ ఉంది, ఊరంతా ఇంకెన్నో ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఇవి అడగమన్నాను. సొంత ఆసుపత్రి ఉందా, అందులో నిజంగా రోగులున్నారా? పాఠం చెప్పే టీచరు వార్డుకూ వస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రి డ్యూటీలో విద్యార్థులను నేర్చుకోవడానికి వేస్తారా, స్టాఫ్ నర్సుల ఖాళీలు నింపడానికి వేస్తారా? మూడేళ్లు స్ట్రెచర్ తోసి, బిల్లులు మోసి, ఆ గంటలన్నీ శిక్షణ కింద రాయించుకున్న పిల్లలను చూశాను. చదువు పేరుతో వెట్టి చేయిస్తే, రేపు ఆ చేతులే మనకు సెలైన్ పెడతాయి.

నర్సు చదువుకీ రోగి ప్రాణానికీ సంబంధం ఉందా అనే అనుమానం ఆయనకు ఇంకా మిగిలింది. 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం గురించి చెప్పాను. తొమ్మిది ఐరోపా దేశాల్లో, ఆపరేషన్ అయిన నాలుగు లక్షల మందికి పైగా రోగుల వివరాలు చూశారు. డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం ఎక్కువ ఉన్నచోట మరణాల అవకాశం 7 శాతం తక్కువ. ఒక్కో నర్సుకు ఒక రోగి అదనంగా పడినచోట 7 శాతం ఎక్కువ. ఆయన ఏమీ అనలేదు. ‘‘వచ్చే ఆదివారం అమ్మాయిని కూడా తీసుకొస్తాను’’ అన్నారు.

తీసుకొచ్చారు. ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్నాం. నా వాచీ తీసి అమ్మాయికిచ్చి, ‘‘నాన్న ఊపిరి లెక్కపెట్టు, ఆయనకు తెలియనివ్వకు. తెలిస్తే మారిపోతుంది’’ అని చెవిలో చెప్పాను. సగం నిమిషం కాకుండానే ఆయన కాలేజీ హాస్టల్ ఫీజు గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. లెక్క తప్పింది. ‘‘నాన్నా, ఒక్క నిమిషం మాట్లాడకు’’ అంది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

‘‘22, ఆంటీ’’ అంది కంగారుగా.

ఇప్పుడే అంత దూరం నడిచి వచ్చారు కదా, ఐదు నిమిషాలాగి మళ్లీ చూడమన్నాను.