ఫోనుకు రెండో యజమాని

ఫోను డబ్బిచ్చి కొన్నదే, సిమ్ సొంత పేరు మీదిదే, రాత్రి పడుకునేటప్పుడు తలగడ పక్కనే ఉండేదే. అయినా దాన్ని వెనకనుంచి ఇంకెవరో నడిపిస్తున్నారన్న అనుమానం ఒకసారి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఫోను వేడెక్కినా, చార్జింగ్ తొందరగా దిగిపోయినా, కాల్‌లో గరగర వినిపించినా అదే అనుమానం. ఇదంతా ఉత్త భ్రమ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. కొన్నవారికే కాక మరొకరికి కూడా ఫోను మీద అధికారం ఇచ్చే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ తయారీలోనే ఉంది. ఆ రెండో యజమాని ఎవరు, ఏ దారిన వచ్చారు అన్నదే తేల్చుకోవలసిన సంగతి.

ఫోను ఎన్ని చేతులు మారుతుందో చూడటానికి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతపు ఊరు ఒకటి చాలు. జగదల్‌పూర్ నుంచి దర్భా ఘాట్ దిగి, సుక్మా, కోంటా మీదుగా తెలుగు నేలకు వచ్చే 30వ నెంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది తోంగ్‌పాల్. చుట్టూ ధుర్వా, గోండు పల్లెలు. సంతలో వినిపించేది హల్బీ. మిరపకాయ కోతలకు బస్తర్ కూలీలు ఖమ్మం, భద్రాద్రి వైపు రావడం ఏటా ఉండేదే. ఇలాంటి చోట్ల ఫోను చాలా చేతులు మారుతుంది. 2018లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన కింద మహిళలకూ కాలేజీ విద్యార్థులకూ సుమారు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు ఉచితంగా ఇవ్వాలని తలపెట్టి పంపిణీ మొదలుపెట్టింది. ఉచితంగా వచ్చినవి పోగా మిగిలినవి వాయిదాల మీద కొన్నవో, సెకండ్ హ్యాండ్‌లో దొరికినవో. ఫోను మొదటిసారి తెరిచి, జీమెయిల్ పెట్టి, యాప్‌లు ఎక్కించి ఇచ్చేది చాలాసార్లు దుకాణం కుర్రాడో, ఇంట్లో చదువుకున్న పిల్లవాడో. పాస్‌వర్డ్ కూడా వాళ్లకే గుర్తుంటుంది.

మొదటి దారిలో చట్టబద్ధంగా, బాహాటంగా వచ్చే రెండో యజమాని పేరు ‘మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్’. దాన్నే ఎమ్‌డీఎమ్ అంటారు. దీన్ని ఎక్కించే తీరు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోను ఆన్ చేయగానే వచ్చే స్వాగతం తెర మీద ఒకేచోట ఆరుసార్లు వేలితో తడితే క్యూఆర్ కోడ్ చదివే కెమెరా తెరుచుకుంటుంది. సంస్థ ఇచ్చిన కోడ్‌ను దానికి చూపిస్తే చాలు, ఫోను ఆ సంస్థ అధీనంలోకి వెళ్లిపోతుంది. ఏ యాప్ ఉండాలో, ఏది ఉండకూడదో ఇక అదే నిర్ణయిస్తుంది. దూరం నుంచి తాళం వేయగలదు, మొత్తం తుడిచేయగలదు, సెట్టింగ్స్‌లోంచి రీసెట్ చేసే దారినే మూసేయగలదు. అయితే ఇది దొంగచాటు వ్యవహారం కాదు. ఈ పరికరం మీ సంస్థకు చెందినదన్న వాక్యం లాక్ స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఐఫోన్‌లోనైతే సెట్టింగ్స్ పైభాగంలోనే ఆ మాట ఉంటుంది. ఉద్యోగి సొంత ఫోనులో కంపెనీ యాప్‌లకు మాత్రమే విడిగా గది కట్టే పద్ధతీ ఉంది. ఆ యాప్‌ల బొమ్మల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తుంది. కంపెనీ పెత్తనం ఆ గది వరకే, సొంత ఫొటోలూ వాట్సాప్ మాటలూ దానికి అందవు.

తెలుగు ఇళ్లలోకి ఎమ్‌డీఎమ్ పెద్ద ఎత్తున వచ్చింది పిల్లల ట్యాబ్‌లతో. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ సుమారు 5.18 లక్షల ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. పాఠాలు తప్ప మరేమీ తెరుచుకోకుండా వాటిలో ఈ సాఫ్ట్‌వేరే పెట్టారు. తాళం ఎలా తీయాలో పిల్లలు కొద్ది రోజుల్లోనే కనిపెట్టారన్నది వేరే కథ.

వాయిదాల ఫోన్లది ఇదే సాంకేతికత, ఉద్దేశం వేరు. కిస్తీ తప్పితే అప్పిచ్చినవారు దూరం నుంచి తెర బిగించేస్తారు. ఇలా అప్పు వసూలు కోసం తాళం వేయడం తగునా అన్న విషయం పరిశీలనలో ఉందని 2025 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అప్పు యాప్‌ల సంగతి మాత్రం అంతకుముందే తేల్చింది. హైదరాబాద్‌లో 2020 చివర లోన్ యాప్ వేధింపులకు తాళలేక ప్రాణాలు తీసుకున్నవారి ఉదంతాలు బయటపడ్డాయి. 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో కాంటాక్టులు, కాల్ జాబితా, ఫైళ్ల జోలికి అప్పు యాప్‌లు పోకూడదని రిజర్వ్ బ్యాంకు నిషేధించింది. ఇక్కడ చిన్న సంగతి ఒకటి చెప్పుకోవాలి. యాప్‌ల జాబితాలో ‘డివైస్ లాక్ కంట్రోలర్’ అన్న పేరు చూసి గుండె గుభేల్మనేవారు చాలామంది. అది గూగుల్‌దే, చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. రొక్కమిచ్చి కొన్న ఫోనులో అది ఏ పనీ లేకుండా పడి ఉంటుంది.

రెండో దారి ఇంటి గుమ్మంలోంచే వస్తుంది. నిజంగా నిఘా ఉందని తేలినచోట ఎక్కువసార్లు కనిపించేది దూరదేశపు హ్యాకర్ కాదు. ఫోను అయిదు నిమిషాలు చేతికి అందిన మనిషి. భర్త, అత్తింటివారు, స్నేహితుడు, యజమాని, బాగుచేయడానికి తీసుకున్న మెకానిక్ ఎవరైనా కావచ్చు. ఒక్క వాట్సాప్‌నే చూద్దాం. కుడివైపు పైనున్న మూడు చుక్కలు నొక్కితే ‘లింక్డ్ డివైసెస్’ వస్తుంది. అక్కడ కెమెరాను ఎదుటి కంప్యూటర్ తెరమీది కోడ్‌కు చూపించడానికి పట్టేది పది సెకన్లు. అప్పటినుంచి వచ్చే ప్రతి సందేశం అక్కడా తెరుచుకుంటుంది. అలా నాలుగు పరికరాలు కలపవచ్చు. అసలు ఫోను ఆపేసి ఉన్నా అవి పనిచేస్తూనే ఉంటాయి. జీమెయిల్ పాస్‌వర్డ్ తెలిసినవారికైతే ఇంకా సులువు: ఫొటోల బ్యాకప్, ఫోను ఉన్న చోటు, కాంటాక్టులు అన్నీ వేరే ఊళ్లో కూర్చుని చూడవచ్చు. ఫోనులో వైరస్ కోసం ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే లేదు.

భార్యాభర్తల మధ్య ఇలాంటి నిఘా ఎంతవరకు తప్పన్న దానిపై న్యాయస్థానాల మాట ఒక్క తీరుగా లేదు. భార్యకు తెలియకుండా ఆమె ఫోను మాటలు రికార్డు చేయడం గోప్యత హక్కుకు భంగమని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక విడాకుల వ్యాజ్యంలో చెప్పింది. అలాంటి రికార్డింగులను విడాకుల కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్ష్యంగా చెల్లినంత మాత్రాన ఒకరి ఫోనులోకి ఇంకొకరు చొరబడటం ఒప్పయిపోదు. మోసబుద్ధితో అనుమతి లేకుండా చొరబడితే సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 66సీ కింద పాస్‌వర్డ్ దుర్వినియోగానికి కూడా అంతే.

మూడో దారిలో అపరిచితుడు వస్తాడు, అయితే తలుపు తీసేది ఫోను మనిషే. ట్రాఫిక్ చలానా పేరుతోనో, పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ జాబితా అనో వాట్సాప్‌లో యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు ఒకటి వస్తుంది. దాన్ని నొక్కి, అడిగిన అనుమతులన్నిటికీ ‘అలవ్’ కొట్టాక ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు అవతలివాడికి చేరతాయి. అన్నిటికంటే ప్రమాదకరమైన అనుమతి ‘యాక్సెసిబిలిటీ’. చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించడానికి, వారి తరఫున నొక్కడానికి చేసిన మంచి ఏర్పాటు అది. దొంగ యాప్ చేతిలో పడితే అదే తెరంతా చదివి, దానంతటదే నొక్కుతూ పోతుంది. తెరను పంచుకునే ఎనీడెస్క్ లాంటి యాప్‌ల ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

నాలుగో దారిలో ఫోను మనిషి చేసే తప్పేమీ ఉండదు. ఫోను నిఘా వార్తల్లోకి బస్తర్ పేరు వచ్చింది ఈ దారిలోనే. 2019 వేసవిలో వాట్సాప్ వీడియో కాల్‌లోని లోపాన్ని వాడుకుని, ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ తయారు చేసిన పెగాసస్ గూఢచర్య సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచంలో సుమారు 1,400 పరికరాలపై ప్రయోగించారు. కాల్ ఎత్తనక్కర్లేదు, మోగితే చాలు. ఆ అక్టోబరులో వాట్సాప్ హెచ్చరిక అందుకున్నవారిలో బస్తర్‌లో పనిచేస్తున్న హక్కుల న్యాయవాది బేలా భాటియా, జగదల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూపును నెలకొల్పినవారిలో ఒకరైన న్యాయవాది శాలినీ గేరా ఉన్నారు. ఫోన్ల ద్వారా గోండీలో వార్తలు వినిపించే సీజీనెట్ స్వరను స్థాపించిన శుభ్రాంశు చౌధరీ కూడా ఉన్నారు. అడవి పల్లెలకు ఫోనునే రేడియోగా మార్చిన మనిషికి ఆ ఫోనే ఇలా ఎదురు తిరగడం చూస్తే ఏమనాలో తోచదు. హైదరాబాద్ న్యాయవాది బల్లా రవీంద్రనాథ్‌కూ అదే హెచ్చరిక వచ్చింది.

పెగాసస్ వ్యవహారంలో 2021 అక్టోబరు 27న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో నిపుణుల కమిటీ వేసింది. కమిటీ 29 ఫోన్లు పరీక్షించింది. అయిదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించింది కాని అది పెగాససే అని తేలలేదు. కేంద్ర ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది. నిపుణుల ప్రయోగశాలకే అంతు చిక్కనిది ఇంట్లో సెట్టింగ్స్ చూస్తే దొరుకుతుందనుకోవడం అత్యాశ. అలాగే ఇంత ఖరీదైన ఆయుధాన్ని మామూలు మనిషి మీదికి వదలరన్నదీ నిజం. జర్నలిస్టులు, హక్కుల కార్యకర్తలు, నాయకులకే ఈ ముప్పు. 2023 అక్టోబరు చివర ఆపిల్ హెచ్చరికలు అందుకున్నవారిలో అసదుద్దీన్ ఒవైసీ, సీతారాం ఏచూరి ఉన్నారు. ఇలాంటివారి కోసమే ఐఫోన్‌లో 2022 నుంచి ‘లాక్‌డౌన్ మోడ్’ ఉంది.

ఫోను ట్యాపింగ్ ఈ నాలుగింటిలోకీ రాదు. అది ఫోనులో జరగదు, టెలికాం కంపెనీ యంత్రాల దగ్గర జరుగుతుంది. కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు ఉంటే చట్టబద్ధం, లేకపోతే నేరం. 2023 డిసెంబరులో తెలంగాణ ఎన్నికల ఫలితాలు వచ్చిన వెంటనే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణపై 2024 మార్చిలో మొదలైన అరెస్టులు ఈ తరహా కేసువే. ట్యాప్ అయిన ఫోను వేడెక్కదు, గరగరలాడదు. ఏ కోడ్ కొట్టినా ఆ సంగతి చెప్పదు. *#21# కొడితే ట్యాపింగ్ తెలుస్తుందని తిరిగే మాట తప్పు. కాల్స్ వేరే నెంబరుకు మళ్లుతున్నాయా అన్నదొక్కటే అది చెబుతుంది. అలా మళ్లితే ##002# కొట్టి అన్నీ రద్దు చేయవచ్చు.

ఇంట్లో చూసుకోగలిగినవి మొదటి మూడు దారులే. సెట్టింగ్స్‌లో వెతుకు పెట్టెలో ‘డివైస్ అడ్మిన్’ అని కొడితే ఫోను మీద పెత్తనమున్న యాప్‌ల జాబితా వస్తుంది. ‘ఫైండ్ హబ్’ (పాత పేరు ‘ఫైండ్ మై డివైస్’) లాంటివి మామూలే, ఎన్నడూ వినని పేరుంటే అనుమానించాలి. యాక్సెసిబిలిటీ జాబితా, వాట్సాప్ లింక్డ్ డివైసెస్, గూగుల్ ఖాతాలో ‘మీ పరికరాలు’ అదే వరసలో చూడాలి. ప్లే స్టోర్‌లో ‘ప్లే ప్రొటెక్ట్’ ఎవరైనా ఆపేశారేమో చూడాలి. 2021 నాటి ఆండ్రాయిడ్ 12 నుంచి కెమెరా, మైకు పనిచేస్తున్నప్పుడు తెర మూలన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. వేడి, చార్జింగ్ మాత్రం గట్టి ఆనవాళ్లు కావు. సిగ్నల్ అందీ అందని చోట టవర్ కోసం వెతుకుతూ ఏ ఫోనైనా వేడెక్కుతుంది, ఘాట్ రోడ్డు మీద మరీను.

సొంత పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్ చెబుతుంది. అదే పేరుతో వచ్చిన యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే పెట్టాలని 2025 నవంబరులో టెలికాం శాఖ ఆదేశిస్తే, అది కూడా నిఘాయేనన్న గొడవ లేచి కొద్ది రోజులకే ఆ తప్పనిసరి నిబంధనను వెనక్కు తీసుకుంది.

అనుమానం నిజమని తేలితే వెంటనే రీసెట్ కొట్టాలన్న తొందర కలుగుతుంది. ఫిర్యాదు చేసే ఉద్దేశం ఉంటే ముందు ఆ తెరలన్నిటినీ ఇంకో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవాలి, లేకపోతే సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. డబ్బు పోతే సైబర్ నేరాల సహాయ నెంబరు 1930కి ఆలస్యం లేకుండా ఫోను చేయాలి. నిఘా పెట్టింది ఇంటి మనిషే అయి, కొట్టే స్వభావం ఉన్నవాడైతే యాప్ ఒక్కసారిగా తీసేయడం అతనికి తెలిసిపోతుంది. వేరేవారి ఫోను నుంచి సాయం అడగడం మేలు. పాస్‌వర్డ్‌లు కూడా ఆ అనుమానపు ఫోనులో కాక ఇంకో దానిలో మార్చాలి. రీసెట్ చేశాక పాత బ్యాకప్‌ను మళ్లీ దించుకుంటే దొంగ యాప్ తిరిగి రావచ్చు, అందుకని యాప్‌లు ఒక్కొక్కటిగా ఎక్కించుకోవడమే నయం. సెకండ్ హ్యాండ్ ఫోను రీసెట్ తర్వాత కూడా పాత యజమాని జీమెయిల్ అడుగుతుంటే అది గూఢచర్యం కాదు, దొంగతనం జరగకుండా గూగుల్ పెట్టిన తాళం. అమ్మినవాడు వచ్చి తీయాలి. తీయనంటే ఆ ఫోను అతనిది అవునా కాదా అన్నది అడగవలసిన ప్రశ్న.