ప్రెయిరీ డాగ్ అంటే కుక్క కాదు

అమెరికా ట్రిప్ అనగానే మనకి నయాగరా, గ్రాండ్ కాన్యన్, లాస్ వేగస్ గుర్తొస్తాయి. ఎం.ఎస్.కి వెళ్ళిన సీనియర్లు పెట్టే ఫోటోలు చాలావరకు అవే కదా! మధ్యలో ఉండే గడ్డి మైదానాల్ని, అంటే ప్రెయిరీల్ని, పెద్దగా ఎవరూ పట్టించుకోరు. "గడ్డి తప్ప అక్కడేముంటుంది" అని నేనూ అనుకున్నాను. వాటి గురించి చదవడం మొదలుపెట్టాక, ఎప్పటికైనా వెళ్తే ఇదే రూటు అని మ్యాప్‌లో గీసి పెట్టుకున్నాను. అదేంటో మీకూ చెప్తాను.

సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీ నుంచి తూర్పుకి కారులో గంటకి పైగా వెళ్తే బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్ వస్తుంది. వాన నీళ్ళు కోసేసిన చారల చారల కొండలు, వాటి పక్కన కనుచూపు మేర గడ్డి. పార్కులో సేజ్ క్రీక్ అనే చోట ఊరికే టెంట్ వేసుకోవచ్చు. కానీ తాగే నీళ్ళుండవు, మనమే తీసుకెళ్ళాలి. దారి కూడా కంకర రోడ్డే. పొద్దున్నే టెంట్ జిప్ తీస్తే ఎదురుగా బైసన్ మేస్తూ కనిపించినా ఆశ్చర్యం లేదు.

మగ బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది, గంటకి 55 కిలోమీటర్ల స్పీడుతో పరిగెడుతుంది. కాబట్టి దగ్గరికెళ్ళి సెల్ఫీలు వద్దు! ఒకప్పుడు కోట్లలో ఉండే బైసన్‌లు వేట వల్ల 1880ల చివరికి వెయ్యి కూడా మిగల్లేదు. ఇదే రాష్ట్రంలోని విండ్ కేవ్ పార్కుకి 1913లో న్యూయార్క్ బ్రాంక్స్ జూ నుంచి 14 బైసన్‌లని తెచ్చారు. బ్యాడ్‌ల్యాండ్స్‌కి 1963లో మళ్ళీ తెచ్చి వదిలారు.

అయితే ఈ ట్రిప్‌లో అసలు హీరో బైసన్ కాదు, ప్రెయిరీ డాగ్. పేరులో డాగ్ ఉంది కానీ ఇది ఉడుత జాతి జంతువు. కుక్కలా అరుస్తుందని ఆ పేరు పెట్టారు. నేలలో బొరియలు తవ్వుకుని వందల కొద్దీ కలిసి ఉంటాయి. ఆ కాలనీని నిజంగానే 'టౌన్' అంటారు. అవి కొరికిన చోట లేత గడ్డి మొలుస్తుంది. దాంట్లో ప్రొటీన్ ఎక్కువ కాబట్టి బైసన్‌లు అక్కడికే వచ్చి మేస్తాయి. ఖాళీ బొరియల్లో ఒక రకం పొట్టి గుడ్లగూబలు కాపురం పెడతాయి.

అన్నిటికంటే ఎక్కువగా దీని మీద ఆధారపడేది నల్లకాళ్ళ ఫెర్రెట్. చూడ్డానికి కొంచెం మన ముంగిసలా ఉంటుంది. దాని తిండిలో 90 శాతం పైగా ప్రెయిరీ డాగే, ఇల్లు కూడా ప్రెయిరీ డాగ్ బొరియే. మన భాషలో చెప్పాలంటే ఒకే ఒక్క డిపెండెన్సీ అన్నమాట. పశువుల గడ్డి తినేస్తున్నాయని రైతులు, ప్రభుత్వం కలిసి ప్రెయిరీ డాగ్‌లకి విషం పెట్టారు. బయటి దేశాల నుంచి వచ్చిన ప్లేగు కూడా వాటిని చంపింది. అవి పోతే ఫెర్రెట్ కూడా పోయింది.

ఇక ఈ జాతి అయిపోయింది అనుకున్నాక, 1981లో వ్యోమింగ్‌లో షెప్ అనే పెంపుడు కుక్క ఒక చచ్చిన ఫెర్రెట్‌ని ఇంటికి తెచ్చింది. దాన్ని బట్టి వెతికితే దగ్గర్లోనే ఒక గుంపు బతికి ఉంది! కానీ జబ్బులొచ్చి ఆ గుంపు కూడా కరిగిపోయింది. 1987కి చివరి 18 ఫెర్రెట్లని పట్టుకుని పెంచడం మొదలుపెట్టారు. వాటిలో 7 జంతువుల సంతానమే ఇప్పటివన్నీ. 1994 నుంచి బ్యాడ్‌ల్యాండ్స్‌లో, 2007లో విండ్ కేవ్‌లో వదిలారు. 1988లో చనిపోయిన విల్లా అనే ఫెర్రెట్ కణాల్ని ఫ్రీజర్‌లో దాచి ఉంచారు. వాటి నుంచి 2020లో ఎలిజబెత్ ఆన్ అనే క్లోన్ పుట్టింది. విల్లా సంతానం ఆ ఏడింటిలో లేదు కాబట్టి, పోయిన జన్యువులు బ్యాకప్ నుంచి తిరిగొచ్చినట్టే.

కానీ ఫెర్రెట్లని ఎన్ని వదిలినా ప్రెయిరీ డాగ్ లేకపోతే లాభం లేదు. 2008లో బ్యాడ్‌ల్యాండ్స్ పక్కనున్న కొనాటా బేసిన్‌కి ప్లేగు వచ్చి టౌన్లకి టౌన్లే ఖాళీ అయ్యాయి. అందుకే ఇప్పుడు మనుషులు బొరియ బొరియకీ తిరిగి, ప్లేగుని మోసే పురుగులు చావడానికి మందు చల్లుతున్నారు. ఒకప్పుడు అవే బొరియల్లో విషం పెట్టారని గుర్తుంది కదా!

మీలో ఎవరైనా అటు వెళ్తే ప్రెయిరీ డాగ్‌లకి చిప్స్ వేయకండి, బొరియల దగ్గరికి వెళ్ళకండి. దూరంగా కూర్చుని చూడండి చాలు. ఫెర్రెట్ రాత్రి పూటే తిరుగుతుంది కాబట్టి కనిపించడం కష్టమే. చీకట్లో లైటు పడితే మాత్రం దాని కళ్ళు పచ్చగా మెరుస్తాయట. నా మ్యాప్‌లో ఆ చోటుకి స్టార్ పెట్టుకున్నాను.